హైదరాబాద్ మదీనాగూడలో మా ఫ్లాట్ అమ్మిపెట్టిన మీడియేటర్: 5కి 4 ఎందుకిచ్చాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించాను

ముందే చెప్పేస్తాను. మంచి మీడియేటర్ దొరికితే ఎక్కువ రేటు వస్తుందని చాలామంది అనుకుంటారు, మాకు అలా ఏమీ జరగలేదు. మేము అనుకున్న రేటు కన్నా తక్కువకే ఫ్లాట్ అమ్మాం, అది కూడా వచ్చిన ఆఫర్లలో అన్నిటికన్నా తక్కువ దానికి ఒప్పుకున్నాం. అయినా ఈయనకి 5కి 4 ఇస్తున్నాను. ఎందుకంటే రావాల్సిన డబ్బు అంతా, అనుకున్న గడువులోపు, బ్యాంకు అకౌంట్లోనే పడింది. ఆ తక్కువ ఆఫరే మాకు నిజంగా పనికొచ్చే ఆఫర్ అని లెక్కేసి చూపించింది ఈయనే. పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు, ఆయన్ని అడక్కుండా పెట్టడం పద్ధతి కాదు. కానీ ఆయన ఏం చేశాడో, ఏ విషయంలో ఆయన మాట వినాలో, ఏ విషయంలో అస్సలు వినకూడదో వివరంగా రాస్తున్నాను. మీ ఏరియాలో ఇలాంటి మనిషిని పట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

ఫ్లాట్ సంగతి ఇది. మదీనాగూడ, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, 1,240 చదరపు అడుగులు, తూర్పు గుమ్మం, ఒక కారు పార్కింగ్, యూడీఎస్ (స్థలంలో మా వాటా) 42 గజాలు. 2011లో 32 లక్షలకు కొన్నాం, డాక్యుమెంట్‌లో నా పేరు, మా ఆయన పేరు రెండూ ఉన్నాయి. హోమ్ లోన్ ఇంకా 6 లక్షల చిల్లర మిగిలి ఉంది. అత్తయ్యకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కింద ఇల్లు కావాల్సి వచ్చింది, మా వాళ్లంతా హనుమకొండలో ఉన్నారు, అక్కడ ఒక ఇండిపెండెంట్ ఇల్లు చూసుకున్నాం. అది చేజారకుండా ఉండాలంటే 2025 ఎండాకాలం దాటేలోపు ఇది అమ్మాలి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఆఫర్ మంచిదా కాదా అన్నది సగం దీని మీదే తేలింది.

మొదట ఒక పెద్ద ప్రాపర్టీ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే ప్లాన్ తీసుకున్నాం. ఫొటోలు బాగా తీశారు, అది ఒప్పుకోవాలి. కానీ వచ్చిన ఫోన్లలో ఎక్కువ వేరే బ్రోకర్లవే. మాకు కేటాయించిన మేనేజర్‌కి మదీనాగూడకీ మియాపూర్‌కీ తేడా తెలీదు. ఫోన్ చేసినప్పుడల్లా "83కి ఒక క్లయింట్ రెడీగా ఉన్నారు" అంటాడు, ఆ క్లయింట్ ఎవరు, ఇల్లు ఎప్పుడు చూస్తారు అంటే జవాబు ఉండదు. ఇల్లు చూడని మనిషి చెప్పిన రేటుని ఆఫర్ అనరు. దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకుంటే మనకే నష్టం, ఎందుకంటే తర్వాత నిజంగా వచ్చినవాళ్లు 77 అంటే మనకి అవమానంగా అనిపిస్తుంది. ఆ ప్లాన్ గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఈ మీడియేటర్ గురించి మా వాచ్‌మన్ చెప్పాడు. కాలనీలోనే జిరాక్స్ షాపు పక్కన చిన్న ఆఫీసు, చాలా ఏళ్లుగా ఇదే ఏరియాలో చేస్తున్నాడు. మా బిల్డింగ్‌లోనే రెండు ఫ్లాట్లు అమ్మించాడు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు రేటు మాట ఎత్తలేదు, ముందు కాగితాలు అడిగాడు. సేల్ డీడ్ కాపీ, లింక్ డాక్యుమెంట్లు (మాకన్నా ముందు ఓనర్ల కాగితాలు), శాంక్షన్ ప్లాన్, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయిలు లేవన్న లెటర్. లోన్ ఉందంటే ఏ బ్యాంకు, ఎంత మిగిలింది అని రాసుకున్నాడు. తర్వాత ఆఫీసుకి పిలిచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మా బిల్డింగ్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీసి, ఈ మధ్య జరిగిన అమ్మకాలు ఒక్కొక్కటి చూపించాడు. ఈసీలో మార్కెట్ వాల్యూ, కన్సిడరేషన్ వాల్యూ అని రెండు అంకెలు ఉంటాయి, రెండోది డాక్యుమెంట్‌లో చూపించిన అమ్మకం ధర. అందులో అన్నీ నిజం రేట్లు కావు, కొన్ని తగ్గించి రాసుకున్నవి, కానీ బ్యాంకు లోన్ పెట్టి కొన్నవి చూస్తే ధర సుమారుగా తెలిసిపోతుంది, ఎందుకంటే పెద్ద లోన్ కావాలనుకునేవాడు డాక్యుమెంట్‌లో ధర తగ్గించుకోడు. అలా చూస్తే మా బిల్డింగ్‌లో రెండో అంతస్తు ఫ్లాట్ ఏడాది కిందట 75కి పోయింది. మేము వెబ్‌సైట్‌లో పెట్టింది 88. పక్కవాళ్లు వెబ్‌సైట్‌లో పెట్టిన రేట్లు చూసి పెట్టిన అంకె అది. అడిగే రేటు వేరు, అమ్ముడుపోయే రేటు వేరు అని ఆ స్క్రీన్ మీద చూసినప్పుడు ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. 85 అని చెప్పి మొదలుపెడదాం, 78 దగ్గర ఎక్కడో తెగుతుంది అన్నాడు.

ఆయనలో నాకు బాగా నచ్చింది ఇంటికి తెచ్చే పార్టీలని ముందుగా జల్లెడ పట్టడం. ఫోన్లోనే కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, అద్దెనా సొంతమా. లోన్ శాంక్షన్ లెటర్ చేతిలో ఉందా, లేక "వస్తుంది" అంటున్నారా. సొంత డబ్బు ఎంత, అది ఎక్కడ ఉంది, ఎఫ్‌డీలో ఉందా, పీఎఫ్ తీయాలా, ఊళ్లో పొలం అమ్మాలా. ఇంట్లో చివరి మాట ఎవరిది, ఊరి నుంచి నాన్నగారు వచ్చి చూడాలా, వాస్తు ఎవరు చెప్పాలి. ఈ చివరి రెండూ చిన్న విషయాలు కావు. అమ్మాయి అబ్బాయి ఇద్దరూ వచ్చి చూసుకుని, రేటు మాట్లాడుకుని, తీరా వాళ్ల వాస్తు ఆయన వచ్చి వంటగది ఆగ్నేయంలో లేదని తలూపి వెళ్లిపోయిన బేరాలు మా బిల్డింగ్‌లోనే జరిగాయి. ఈయన ఆ వాస్తు ఆయన్ని మొదటి రోజే తీసుకురమ్మంటాడు. "మేడమ్, రేటు ఎంతన్నది తర్వాత, పైసలు యాడికెల్లి వస్తున్నయో అది ముందు తెల్వాలె" అనేది ఆయన మాట.

ఇక ఆఫర్లు. గట్టిగా నిలబడ్డవి మూడు.

మొదటిది 84 లక్షలు. వ్యాపారం చేసే ఆయన, ఇల్లు ఒక్కసారి చూసి ఓకే అన్నాడు, లోన్ అవసరం లేదన్నాడు, వారంలో రిజిస్ట్రేషన్ అన్నాడు. ఇంట్లో అందరం ఎగిరి గంతేశాం. షరతు ఒక్కటే, డాక్యుమెంట్‌లో 54 లక్షలు రాద్దాం, మిగతా 30 క్యాష్. మాలాంటి జీతగాళ్లకి ఇది ఎందుకు మంచి ఆఫర్ కాదో కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఏరియాలో ఇలాంటి ఆఫర్లు మామూలే, చుట్టాలందరూ "అందరూ చేసేదే కదా" అంటారు. తెలంగాణలో ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 7.5 శాతం, స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. కట్టేది కొనేవాడు. 30 లక్షలు డాక్యుమెంట్‌లో కనపడకపోతే ఆయనకి మిగిలేది 2 లక్షల 25 వేలు. పైగా లెక్కలో లేని డబ్బుకి ఒక దారి దొరుకుతుంది. మనకి ఎక్కువ ఇస్తున్నట్టు కనపడే రేటులో కొంత వాళ్లకి మిగిలే ఆ డబ్బే. మనకి మిగిలేది రిస్కు. స్థిరాస్తి అమ్మకం కోసం 20 వేలు, అంతకు మించి క్యాష్ అడ్వాన్సుగా తీసుకోకూడదని 2015 జూన్ నుంచి రూలు ఉంది, తీసుకుంటే ఎంత తీసుకున్నామో అంతా పెనాల్టీగా పడొచ్చు, అది పడేది కూడా ఇచ్చినవాడికి కాదు, తీసుకున్న మనకి.

"మీకు ట్యాక్స్ మిగులుద్ది కదా" అని ఆ పార్టీ అన్నాడు. మా సీఏని అడిగాం. మాలా 2024 జూలై 23 కన్నా ముందు కొన్న ఇంటికి రెండు దారులు ఉన్నాయి, లాభం మీద నేరుగా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్ లెక్క (కొన్న ధరని ధరల సూచీ ప్రకారం పెంచడం) వేసుకుని 20 శాతం, ఏది తక్కువైతే అది. మా 32 లక్షలని 2011-12 సూచీ 184 నుంచి 2025-26 సూచీ 376కి పెంచితే 65 లక్షల 39 వేలు అవుతుంది. మేము చివరికి అమ్మిన 78.5 లక్షలకి లెక్కేస్తే ఆ పైన 13 లక్షల 11 వేల మీద 20 శాతం అంటే సుమారు 2 లక్షల 62 వేలు. అదే ఇండెక్సేషన్ లేకుండా అయితే 46.5 లక్షల మీద 12.5 శాతం, 5 లక్షల 81 వేలు. రెండింటి పైనా సెస్సు అదనం. కానీ మేము లాభం మొత్తాన్ని హనుమకొండ ఇంట్లోనే పెడుతున్నాం, రెండేళ్లలోపు వేరే ఇల్లు కొంటే దానికి మినహాయింపు ఉంది, అంటే మాకు ఎలా చూసినా ట్యాక్స్ పడదు. లేని ట్యాక్స్ మిగల్చుకోవడానికి 30 లక్షల క్యాష్ సంచిలో పెట్టుకుని ఎక్కడికి పోతాం? హనుమకొండ ఇంటాయన రిటైర్డ్ లెక్చరర్, మొత్తం ఆర్టీజీఎస్‌లోనే (బ్యాంకు నుంచి బ్యాంకుకే) కావాలన్నాడు. మీడియేటర్ ఈ ఆఫర్‌ని మా దాకా తెచ్చాడు కానీ ఒప్పుకోమని ఒత్తిడి చేయలేదు, మీకు కొత్త ఇల్లు కొనాలి కాబట్టి ఇది మీకు కుదరదు అని ఆయనే అన్నాడు. 84 మీద ఆయన కమిషన్ ఎక్కువ, పైగా వారంలో వచ్చేది. ఆ మాట అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

రెండోది 81 లక్షలు, మొత్తం వైట్. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి మనిషి, మర్యాదగా మాట్లాడాడు. మా ఆయనకి ఈ పార్టీయే నచ్చింది, నిజం చెప్పాలంటే నాకు కూడా. కానీ బయానా లక్ష రూపాయలే ఇస్తానన్నాడు, అగ్రిమెంట్ గడువు 90 రోజులు అడిగాడు, శాంక్షన్ లెటర్ లేదు, పటాన్‌చెరు దగ్గర ఒక ప్లాట్ ఉంది, అది అమ్మి మార్జిన్ (లోన్ పోను సొంతంగా కట్టాల్సిన డబ్బు) కడతానన్నాడు. ఇక్కడ మీడియేటర్ ఒక కాగితం తీసుకుని మా ముందే లెక్క వేశాడు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉన్న లోన్‌కి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. 81లో 80 శాతం అంటే 64.8 లక్షలు. మిగతా 16.2 సొంతంగా తేవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చుకి కూడా లోన్ రాదు, అది 81 మీద 6 లక్షలు దాటుతుంది. అంటే మీడియేటర్ కమిషన్, సామాన్లు మార్చుకునే ఖర్చు అన్నీ పక్కన పెట్టినా 22 లక్షలకు పైన చేతిలో ఉండాలి. ఇది కూడా బ్యాంకు వాల్యుయేషన్ 81కి వస్తేనే. పదహారేళ్ల పాత బిల్డింగ్‌కి బ్యాంకు పంపే ఇంజినీరు 74 అని రాస్తే? లోన్ 59.2కి పడిపోతుంది, ఇంకో 5 లక్షల 60 వేలు ఆయన ఎక్కణ్ణుంచో తేవాలి, లేదా మన దగ్గరికి వచ్చి రేటు తగ్గించమంటాడు. అప్పటికి మనం రెండు నెలలు వేరే ఎవరికీ చూపించకుండా కూర్చుని ఉంటాం కాబట్టి తగ్గిస్తాం కూడా. ఇస్తానన్న రేటు ఎక్కువే, కానీ ఆ రేటు నిలబడాలంటే ప్లాట్ అమ్ముడుపోవాలి, లోన్ రావాలి, వాల్యుయేషన్ కలిసిరావాలి, మూడూ మన చేతిలో లేవు, ఆయన చేతిలో కూడా లేవు.

లక్ష బయానాతో మాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మా ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో ఉన్నాయి. 6 లక్షల చిల్లర కట్టి లోన్ క్లోజ్ చేస్తేనే అవి బయటికి వస్తాయి. లోన్ మొత్తం తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున బ్యాంకు మనకి కట్టాలని రిజర్వ్ బ్యాంకు రూలు, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. రూలు మంచిదే కానీ ఆ 30 రోజులు కూడా గడువులో కలుపుకోవాలి కదా. అంటే బయానా కనీసం మన లోన్ తీర్చేంత అయినా ఉండాలి, లేకపోతే ఆ డబ్బు మనం అప్పు చేసి కట్టాలి. ఫ్లాట్ మీద లోన్ ఉన్నవాళ్లు ఆఫర్ చూసేటప్పుడు రేటు తర్వాత అడగాల్సిన రెండో అంకె బయానా. ఎవరూ దాని మీద బేరం ఆడరు, అందరూ చివరి రేటు మీదే పట్టుబడతారు.

మూడోది 77 లక్షలతో మొదలైంది. అదే కాలనీలో అద్దెకి ఉండే భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగాలు, పాప స్కూలు దగ్గర్లోనే. శాంక్షన్ లెటర్ చేతిలో పట్టుకుని వచ్చారు, 60 లక్షలకి. మిగతా డబ్బు ఎఫ్‌డీల్లో ఉందని చెప్పారు. బయానా 10 లక్షలు, గడువు 60 రోజులు, ఆషాఢం రాకముందే గృహప్రవేశం చేసుకోవాలని వాళ్లకి పట్టుదల. ఆషాఢంలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు, కొనేవాళ్లు కూడా శ్రావణం వచ్చాక చూద్దాం అంటారు, అంటే జూన్ దాటితే మాకూ ఒక నెలన్నర బేరాలు చల్లబడిపోతాయి. వాళ్ల తొందర, మా తొందర ఒకే వైపు ఉన్నాయి. ఇల్లు అమ్మేవాడికి ఇది దొరకడం కష్టం.

ఇక్కడే మీడియేటర్‌కి నేను ఒక మార్కు తగ్గించింది.

77కే ఇచ్చేయమని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. పొద్దున ఒక ఫోన్, సాయంత్రం ఒక ఫోన్. "ఇంకో ఫ్లాట్ చూస్తున్నరంట మేడమ్, చేజారిపోతరు" అన్నాడు. చేజారిపోతారేమో అని నాకూ టెన్షన్ పట్టుకుంది. కానీ కూర్చుని ఆలోచిస్తే సంగతి అర్థమైంది. ఆయనకి మా వైపు నుంచి 1 శాతం, వాళ్ల వైపు నుంచి 1 శాతం. రేటు లక్షన్నర పెరిగితే మాకు లక్షన్నర, ఆయనకి రెండు వైపులా కలిపి 3,000. బేరం చెడితే ఆయనకి పోయేది లక్షన్నర. మరి ఆయన రేటు కోసం ఎందుకు కొట్లాడతాడు? ఇందులో ఆయన చెడ్డతనం ఏమీ లేదు, ఆయన పనికి వచ్చే డబ్బు ఆ పద్ధతిలో ఉంది. రెండు పార్టీలకీ ఒకే మనిషి మధ్యవర్తి అయినప్పుడు ఆయన మన లాయరు కాదు, బేరానికి లాయరు. ఏ పార్టీ గట్టిది, ఏ పార్టీ మాట మీద నిలబడుతుంది అన్న విషయంలో ఆయన మాట బంగారం, ఎందుకంటే అక్కడ ఆయన లాభం, మన లాభం ఒక్కటే. ఎంతకి ఇవ్వాలి అన్నది మాత్రం ఆయనకి వదిలిపెట్టకూడదు.

మేమే కూర్చుని లెక్క వేసుకున్నాం. ఆపుకుని చూస్తే ఏమవుతుంది? మెయింటెనెన్స్ నెలకి 3,500. 78 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేసినా ఆరున్నర శాతం చొప్పున నెలకి 42 వేల దాకా వస్తుంది, మా విషయంలో అయితే ఆ డబ్బు హనుమకొండ ఇంటికి లోన్ తగ్గించుకోవడానికి పోతుంది, ఆ వడ్డీ ఇంకా ఎక్కువ. అంటే ఆగిన ప్రతి నెలా 45 వేల పైన ఖర్చు. 81 కోసం ఎదురుచూస్తే ఆ రెండున్నర లక్షల తేడా ఐదారు నెలల్లో కరిగిపోతుంది. ఈ లెక్క చూశాక 81 ఆశ వదిలేశాం, కానీ 77కి 78.5కి మధ్య మాత్రం పట్టుబట్టాం, ఎందుకంటే ఈ పార్టీకి కూడా ఇల్లు కావాలి, అదే కాలనీలో తూర్పు గుమ్మం, కారు పార్కింగ్ ఉన్న ఫ్లాట్ ఇంకోటి ఆ రేటులో లేదు. మీడియేటర్ లేకుండా వాళ్లని ఇంటికి టీకి పిలిచాం. మా ఆయన ఈసీలో చూసిన 75 లక్షల ఫ్లాట్ సంగతి దాచకుండా చెప్పాడు, అది ఏడాది కిందటిది, పడమర గుమ్మం, పార్కింగ్ వేరే కొనుక్కున్నారు అని వివరించాడు. వాళ్లు 78 అన్నారు, మేము 78.5 అని రెండు ఏసీలు, చిమ్నీ, బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌లు వదిలేస్తామన్నాం. అక్కడ తెగింది. తర్వాత మీడియేటర్‌కి ఫోన్ చేస్తే కాస్త చిన్నబుచ్చుకున్నాడు కానీ కమిషన్ ఎగ్గొట్టడం లేదని తెలిశాక సర్దుకున్నాడు. మీరు ఇలా నేరుగా మాట్లాడితే ఆ మాట ముందే చెప్పండి, పార్టీని తెచ్చినవాడి కమిషన్ తినకూడదు.

అగ్రిమెంట్ విషయంలో మళ్లీ ఆయన పనితనం కనపడింది. డ్రాఫ్ట్ ఆయన మనిషి రాసింది, మేము మా లాయరుకి విడిగా చూపించాం, మీరూ అలాగే చేయండి, అందులో పొదుపు చేయకండి. కొనేవాళ్లు వెనక్కి పోతే బయానాలో ఎంత పోతుంది, మేము వెనక్కి పోతే ఎంత కట్టాలి, బ్యాంకు వాల్యుయేషన్ తగ్గితే తేడా ఎవరిది, రిజిస్ట్రేషన్ రోజు దాకా ప్రాపర్టీ ట్యాక్స్, అసోసియేషన్ బకాయిలు ఎవరివి, కార్పస్ ఫండ్ (అసోసియేషన్‌లో కట్టిన డిపాజిట్) వాళ్ల పేరుకి మారుతుందా, ఏ సామాను ఉంచుతాం, తాళాలు ఏ నిమిషంలో ఇస్తాం, అన్నీ రాయించాడు. వాల్యుయేషన్ తగ్గితే తేడా కొనేవాళ్లే సర్దుకోవాలి అన్న వాక్యం ఆయన చెప్పి పెట్టించిందే, మా లాయరు కూడా మెచ్చుకున్నాడు. టీడీఎస్ కూడా ఆయనే గుర్తుచేశాడు. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాడు 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, బయానా ఇచ్చేటప్పుడు కూడా పట్టుకోవాలి, కాబట్టి మా 10 లక్షల్లో 10 వేలు తగ్గి వచ్చాయి. అమ్మేవాళ్లం ఇద్దరం, కొనేవాళ్లు ఇద్దరు కాబట్టి ఆ టీడీఎస్ కట్టే 26క్యూబీ ఫారాలు విడివిడిగా వేయాల్సి వచ్చింది. మొత్తం 78,500, ఇది పోయే డబ్బు కాదు, కొనేవాళ్లు ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ (అప్పట్లో ఫారం 16బీ) తీసుకుంటే మన రిటర్న్‌లో లెక్కకి వస్తుంది. ఆ 16బీలు మాకు అందేదాకా ఆయన వాళ్ల వెంటపడి తెచ్చిచ్చాడు, అప్పటికే ఆయన కమిషన్ ఆయనకి ఇచ్చేశాం కాబట్టి ఈ పని చేయకపోయినా ఎవరూ ఏమీ అనలేరు.

బయానాతో లోన్ క్లోజ్ చేశాం, ఒరిజినల్స్ గడువులోపే వచ్చాయి, వాళ్ల బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ రెండూ గొడవ లేకుండా అయిపోయాయి. స్లాట్ బుక్ చేసిన రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బ్యాంకు మనిషి చెక్కు పట్టుకుని వచ్చాడు, వాళ్ల సొంత డబ్బు ముందు రోజే ఆర్టీజీఎస్ చేశారు. సంతకాలు, వేలిముద్రలు, ఫొటో, అంతా మధ్యాహ్నానికి అయిపోయింది. తాళాలు అక్కడే ఇచ్చాం.

మిగతా లోపాలు కూడా చెప్పాలి. ఫొటోలు తీయడం ఆయనకి రాదు, చీకటి గదుల్లో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెడతాడు, మీరే పగటిపూట మంచివి తీసి ఇవ్వండి. చెప్పకుండా పార్టీని తీసుకొచ్చే అలవాటు ఉంది, భోజనాల వేళ బెల్లు కొడతాడు, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఇబ్బంది. కమిషన్ కాగితం మీద రాసుకోడు, అంతా నోటి మాట, మేమే వాట్సాప్‌లో "1 శాతం, రిజిస్ట్రేషన్ రోజు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్" అని మెసేజ్ పెట్టి ఓకే అనిపించుకున్నాం. బయానా రోజే సగం ఇమ్మని అడిగాడు, మేము ఒప్పుకోలేదు, బేరం పూర్తయ్యాక ఇచ్చే డబ్బుకే విలువ ఉంటుంది, ఇది అందరికీ చెప్తాను.

ఎవరికి ఈయన సరిపోతాడంటే, ఈ చుట్టుపక్కల, మదీనాగూడ, మియాపూర్, హఫీజ్‌పేట వైపు, పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ ఉండి, ఫలానా నెలలోపు డబ్బు చేతికి కావాలనుకునేవాళ్లకి బాగా సరిపోతాడు. తొందర లేదు, ఏడాది ఆగినా పర్లేదు, 84 వస్తేనే ఇస్తాను అనేవాళ్లకి సరిపోడు, ఆయన ఓపిక నెల రెండు నెలలే. విదేశాల్లో ఉండి అమ్మేవాళ్లు మాత్రం ఒక్క ఈయన మీద ఆధారపడకండి. మా చెల్లెలు డాలస్ నుంచి ప్రగతి నగర్ ఫ్లాట్ అమ్ముదామని ఈయన్నే అడిగితే, ఆమెకీ అదే 1 శాతం టీడీఎస్ అని చెప్పాడు. అది తప్పు. ఎన్ఆర్ఐ అమ్మితే ఆ 1 శాతం లెక్క వర్తించదు, 50 లక్షల పరిమితి కూడా లేదు, ముందుగా ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే అమ్మకం ధర మొత్తం మీద పెద్ద శాతంలో పట్టుకుంటారు, తర్వాత రీఫండ్ కోసం ఆగాలి. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఆఫర్ ఒప్పుకోకముందే సీఏతో మాట్లాడమని ఆమెకి చెప్పాను, పార్టీలని చూసిపెట్టే పని మాత్రం ఈయనకే ఇచ్చింది.